గౌలిపుర మిద్దె మీద పాలపుంత

పాలపుంతను చూడాలంటే ఊరి దీపాలకు దూరంగా ఏ కొండ మీదికో పోవాలని అందరూ చెబుతారు. మేము దబీర్‌పురా స్టేషన్‌లో దిగి, గౌలిపురలో మా అక్క ఇంటి మిద్దె ఎక్కాం. అదీ పట్టపగలు. తిరిగొచ్చి వారం కాకముందే మా జనగామలో నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను మొబైల్ టవర్ పెట్టడానికి పోయానని ఒకరు, పావురాల వ్యాపారంలోకి దిగానని ఇంకొకరు. బడిలో చదివే రోజుల నుంచీ డైరీ రాసేవాణ్ణి కనుక, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం నా బాధ్యత అనుకున్నాను.

ముందు ఎందుకు పోయామో చెప్పాలి. మా తమ్ముడి కూతురు స్రవంతి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. మన పాలపుంత అంతటా సన్నటి అయస్కాంత శక్తి పరుచుకుని ఉందట. దాన్ని కంటితో చూడలేం. కానీ అందులో చిక్కుకుని గిరగిరా తిరిగే ఎలక్ట్రాన్ల నుంచి రేడియో తరంగాలు వస్తాయి. ఆ తరంగాలు అన్ని వైపులా సమానంగా ఊగవు, ఒక దిక్కుకు ఎక్కువ ఊగుతాయి. ఆ ఊపు దిక్కు తెలిస్తే అయస్కాంతం ఎటు పరుచుకుందో తెలుస్తుంది. కొన్ని కాలేజీలు కలిసి ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఈ ఊపు దిక్కుల పటం గీయబోతున్నాయి. ఒక్కో కాలేజీకి ఒక్కో పట్టీ.

స్రవంతి తన కాలేజీకీ ఒక పట్టీ అడిగింది. పట్టీలు పంచే ప్రొఫెసర్ గారు ఒకే షరతు పెట్టారు. సోమవారం లోపల ఆమె పరికరానికి ఊపు దిక్కు గుర్తుపట్టే శక్తి ఉందని రుజువు పంపాలి. పంపకపోతే పట్టీ వేరే కాలేజీకి పోతుంది. మరి పరికరం ఏది? అది అప్పటికి నా కాగితం మీద మాత్రమే ఉంది. నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. పెద్ద గరాటు ఆకారంలో ఒక రేకు కొమ్మును ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి మిల్లీమీటర్లతో సహా గీశాను. జనగామలో వెల్డింగ్ షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తనకు గేట్లే వచ్చని, కావాలంటే ఇదే డిజైన్‌లో గేటు చేసిస్తానని అన్నాడు. అందుకని పాతబస్తీ.

దబీర్‌పురా నుంచి

స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాం. స్రవంతి ఒడిలో కేబుల్ చుట్ట, నా ఒడిలో రిసీవర్ పెట్టె. ఆటో ఆయన అద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"పెండ్లి సామానా సాబ్?"

"కాదు. ఆకాశాన్ని కొలిచే సామాను."

"కొలిచి?"

"అందులో అయస్కాంతం ఎటు ఉందో తెలుసుకోవాలి."

"తెలిసినంక?"

నేను స్రవంతి వైపు చూశాను. ఆమె కేబుల్ చుట్ట వైపు చూసింది. ఆటో ఆయన జాలిపడినట్టున్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. మా బామ్మర్ది గిట్లనే ఎంబీఏ చేసిండు. ఇప్పుడు మంచిగనే ఉన్నడు."

మా అక్క సత్తెమ్మది గౌలిపురలో పాల ఇల్లు. ఇప్పుడు బర్రెలు లేవు, బయట నుంచి క్యాన్లు తెప్పించి అమ్ముతుంది. కానీ చాయ్ మీద మాత్రం ఇంకా వేలు మందం మీగడ వేస్తుంది. మా ఊళ్లో మీగడ తీసి దాచుకుంటాం. ఇక్కడ చుట్టం వస్తే మీగడ తీయడం అవమానమట. స్రవంతి వచ్చిన పని వివరించడానికి బట్టలారేసే తాడు ఒక కొసను అక్క చేతికిచ్చి, రెండో కొసను పైకీ కిందికీ, తర్వాత పక్కలకూ ఊపి చూపించింది. ఊపు దిక్కు అంటే ఇదే అంది.

అక్క తాడు పట్టుకుని ఓపికగా చూసింది. "మంచిగనే ఉన్నది గని, నా దుప్పటి కింద పడ్డది, తియ్యి" అంది.

రేకుల దుకాణం

మర్నాడు పొద్దున అక్క మమ్మల్ని గల్లీ చివరి హోటల్‌కు పంపింది. ఖిచిడీ, దాని మీద ఖీమా, పక్కన పుల్లటి ఖట్టా. జనగామలో పొద్దున ఉప్మా తిని, బాగాలేదని అనుకుంటూ ఆఫీసుకు పోయే జీవితం నాది. ఇక్కడ పొద్దున్నే ఇంత తిని పనికెట్లా పోతారని పక్క బల్ల ఆయన్ను అడిగాను. ఆయన, "పనికి ఎవరు పోతున్నరు సాబ్, ఇంక చాయ్ రాలే" అన్నాడు.

అక్కకు తెలిసిన ఖాజా భాయ్ దుకాణంలో పెట్టెలు, బియ్యం డబ్బాలు, కూలర్ల బాడీలు చేస్తారు. ఖాజా భాయ్ పెద్ద మనిషి, కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని తిరుగుతాడు. నా పటాన్ని బల్ల మీద పరిచి, మూలల్లో సుత్తులు పెట్టి, చాలాసేపు చూశాడు.

"బియ్యం ఎన్ని కిలోలు పట్టాలె?"

"ఇందులో బియ్యం పొయ్యరు భాయ్. కొలతలు రాసిన చూడుండ్రి. మూతి వెడల్పు ఇది, గొంతు ఇది, పొడుగు ఇది."

"అది చూసిన. కిలోలు చెప్పుండ్రి."

ఆయన దుకాణంలో ఏ వస్తువైనా కిలోల్లోనే పుడుతుంది. ఇరవై ఐదు కిలోల డబ్బా, యాభై కిలోల డబ్బా. రేకు ఎంత కత్తిరించాలో ఆయన చెయ్యికి కిలోలతోనే తెలుసు. మిల్లీమీటర్లంటే స్కేలు వెతుక్కోవాలి, స్కేలు కోడలింటికి పోయిందట. చివరికి నేనే బల్ల మీద కూర్చుని, నా కొమ్ములో ఎన్ని కిలోల బియ్యం పడతాయో లెక్కగట్టి చెప్పాను. రిటైరయ్యాక నేను చేసిన లెక్కల్లో ఇదే కష్టమైనది. ఆయన సంతోషించి పని మొదలుపెట్టాడు. నేను మాత్రం జేబులోని టేపు తీసి, ప్రతి మడతకూ కొలుస్తూ పక్కనే కూర్చున్నాను. మొదటి గొంతు చాలా వెడల్పొచ్చింది. మళ్లీ చేయించాను. ఆ మొదటిదాన్ని ఇప్పుడు గోధుమపిండికి వాడుతున్నారు.

మధ్యాహ్నానికి కొమ్ము తయారైంది. కొలతలన్నీ సరిపోయాయి. అయితే గొంతు దగ్గర ఒక గొళ్లెం, తాళం వేసుకునే కొండీ కనిపించాయి.

"ఇదేంది భాయ్?"

"తాళానికి."

"లోపల ఏమీ ఉండదు కద."

"ఇప్పుడు ఉండదు" అన్నాడు ఖాజా భాయ్, ముందుచూపున్న మనిషిలా. గొళ్లేనికి పైసలు వేసుకోలేదు కనుక నేనూ ఎక్కువ మాట్లాడలేదు.

గల్లీల్లో ఊరేగింపు

కొమ్మును తోపుడు బండి మీద కట్టించి గౌలిపురకు నడిపించుకొచ్చాం. దారిలో దాన్ని ఏదో ఒకటి అనుకోని మనిషి లేడు. ఒక బ్యాండుమేళం ఆయన బండి ఆపి లోపలికి తల పెట్టి ఒకసారి ఊది చూశాడు. సౌండ్ రాలేదని మమ్మల్నే తిట్టాడు. కిరాణా దుకాణం సేటు ప్రచారం మైకనుకుని, ఎలక్షన్ ఎప్పుడు, మాకెవరూ చెప్పలేదే అని కంగారుపడ్డాడు. ఒకామె ఆగి, "ధూల్‌పేట్‌ల ఇప్పుడే గణపతులు చేసుడు మొదలువెట్టిండ్రా, గింత ముందుగాల?" అంది. గణపతికి గింత పెద్ద చెవి ఎందుకని స్రవంతిని అడిగింది.

"గణపతి కాదమ్మా. ఆకాశంల నుంచి వచ్చే సౌండ్ వినేది."

"చెవే కద మరి. నేను అన్నది అదే."

ఆమె చెప్పింది నిజమే కనుక మేం ఒప్పుకున్నాం.

మిద్దె మీద

శనివారం మధ్యాహ్నానికి కొమ్మును మిద్దె మీద ఇనుప స్టాండులో కూర్చోబెట్టాం. మూతి ఉత్తరానికి, పక్కింటి పిట్టగోడ మీదుగా ఆకాశానికి. చాలామంది అనుకునేట్టు దీనికి రాత్రి అక్కర్లేదు. సూర్యుడున్నా పాలపుంత నుంచి రేడియో తరంగాలు వస్తూనే ఉంటాయి. ఊరి మొబైళ్ల గోల రాకుండా, రేడియో తరంగాల్లో ఆకాశం వినడానికే వదిలిపెట్టిన సన్నటి భాగంలో స్రవంతి రిసీవర్‌ను పెట్టింది. ఆమె లాప్‌టాప్‌తో మెట్లగదిలో నీడన కూర్చుంటుంది. నేను కొమ్ము వెనక గొంతుక్కూర్చుని, నేను గీసి అంటించిన డిగ్రీల చక్రం చూస్తూ కొమ్మును దాని చుట్టూ అదే తిరిగేలా కొంచెం కొంచెంగా తిప్పాలి. ఊపు దిక్కుకు కొమ్ము సరిగ్గా కుదిరినప్పుడు లాప్‌టాప్‌లో గీత లేవాలి, తప్పినప్పుడు పడాలి. ఎక్కడ లేస్తుందో అదే దిక్కు.

తిప్పడం మొదలుపెట్టగానే ఒక పావురం వచ్చి కొమ్ములో దూరింది. దాని వెనక ఇంకొకటి.

పక్క మిద్దె యూసుఫ్ భాయ్‌ది. రిటైర్డ్ బస్సు డ్రైవర్. మిద్దె నిండా వెదురు కర్రలు, గూళ్లు, తీగలు, పావురాలు. రోజూ జెండా ఊపి వాటిని ఎగరేస్తాడు. పిట్టగోడ మీద మోచేతులు పెట్టి చూస్తున్నాడు.

"కబూతర్లు సతాయిస్తున్నయా సాబ్?"

"లోపలికి పోతున్నయి భాయ్."

"ఏం చెయ్యవు. ఇల్లు చూస్కుంటున్నయి. మంచి ఇల్లు కద, తాళం గూడ ఉన్నది."

పావురాన్ని వెళ్లగొట్టడం, గీత చూడడం, మళ్లీ పావురం. గీత పిచ్చిగా ఎగిరిపడింది. అక్క అన్నానికి పిలిచింది. మేం కిందికి పోయాం.

తిని వచ్చేసరికి పావురాలు కొమ్ము దగ్గరికి రావడం మానేశాయి. వాటికి ఆసక్తి పోయిందనుకున్నాం. నేను తిప్పడం మొదలుపెట్టాను. మెట్లగదిలోంచి స్రవంతి గొంతు వినిపించింది.

"పెద్దబాపూ, మళ్ల తిప్పు."

తిప్పాను.

"ఎన్కకు తిప్పు."

వెనక్కి తిప్పాను. ఆమె బయటికి వచ్చింది. లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. గీత అందంగా, పెద్దగా, లేచి పడి లేచి పడి, పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. ఈ పరికరానికి ఇంత పెద్ద ఊపు దొరుకుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదట. వారాల తరబడి కొలతలు కూడితే ఏదో సన్నగా కనిపించాలట. సాయంత్రం దాకా కొలిచాం. భూమి తిరిగేకొద్దీ కొమ్ము ముందు ఆకాశం మారుతూనే ఉంది. ఊపు దిక్కు మాత్రం మారలేదు. స్రవంతి ఆనందం పట్టలేక ప్రొఫెసర్ గారికి గీతలన్నీ పంపేసింది. అక్క గల్లీలో పదిళ్లకు కోవా పంచింది. ఎందుకని అడిగినవాళ్లకు, "మా పిల్లకు అయస్కాంతం దొరికింది" అని చెప్పింది.

ఆదివారం

ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. ఆయన నెమ్మదస్తుడు. స్పీకర్‌లో పెట్టడం వల్ల నేనూ విన్నాను.

"అమ్మా, పాలపుంత ఇంత క్రమశిక్షణగా ఉండదు. సాయంత్రం దాకా ఒకటే దిక్కు అంటే అది ఆకాశంలోది కాదు. మీ మిద్దె మీదిదే ఏదో. వెతకండి. రేపటి వరకు ఆగుతాను."

స్రవంతి కేబుళ్లు విప్పి బిగించింది. నేను చక్రం అంటించిన గోందు నుంచి స్టాండు బోల్టుల దాకా ఒక్కొక్కటే పరీక్షించి టిక్కు పెట్టాను. ఖాజా భాయ్ గొళ్లెం మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. దాన్ని ఊడదీశాం. గీతలో ఏమీ మారలేదు. అప్పుడు యూసుఫ్ భాయ్ పిట్టగోడ దగ్గరికి వచ్చి, అవతలి నుంచి పలకరించాడు.

"నిన్నటి సంది కబూతర్లు రాలే కద?"

"రాలేదు భాయ్. నిన్న అన్నం తినొచ్చే వరకే పోయినయి."

"ఎట్ల వస్తయి. నేను తీగలు కట్టిన కద."

మేమిద్దరం పిట్టగోడ మీదికి వంగి చూశాం. కొమ్ము మూతికి ఎదురుగా, ఆయన వైపు, ఒక చెక్క చట్రం నిలబెట్టి ఉంది. దాని మీద సన్నటి తీగలు పై నుంచి కిందికి, వేలు సందుతో, వరసగా. ఆ మిద్దె మీద కర్రలూ తీగలూ ఎక్కడ చూసినా ఉన్నవే కనుక వెనక కూర్చున్న నా కంటికి ఆనలేదు.

"మీరు అన్నానికి పోయినప్పుడు పెట్టిన. మీరు దాన్ని తిప్పుతున్నరు కద, తిప్పేటప్పుడు అడ్డం రావద్దని దానికి కట్టకుంట యేరే నిలవెట్టిన."

స్రవంతి చట్రం వైపు వేలు చూపించింది. "చాచా, ఒక్క దిక్కే ఎందుకు కట్టినవు? జాలీ లెక్క అటిటు కడ్తరు కద."

"అటిటు కడితె కబూతర్ కాలు ఇరుక్కుంటది బేటా. మా దగ్గర ఎవ్వరూ కట్టరు."

స్రవంతి పిట్టగోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. వరసగా కట్టిన తీగలు, వాటి వెంట ఊగే తరంగాన్ని ఆపేస్తాయట, వాటికి అడ్డంగా ఊగేదాన్ని వదిలేస్తాయట. ఏటేటా క్లాసులో ఇదే పాఠం బోర్డు మీద బొమ్మ వేసి చెబుతుందట. నిన్నంతా మేం కొలిచింది పాలపుంతను కాదు, యూసుఫ్ భాయ్ తీగలను.

చట్రం తీసేయించి మళ్లీ తిప్పాం. గీత ఎంత తిప్పినా కదలకుండా పడుకుంది. నిజమైన ఆకాశపు ఊపు దానిలో ఎక్కడో ఉంది, కానీ అది బయటపడాలంటే వారాలు కావాలి. మాకున్నది ఒక్క సాయంత్రం. అక్క పైకి వచ్చి, కోవా పంచిన పదిళ్లకూ ఇప్పుడేం చెప్పాలని అడిగింది. వెంటనే తనే, "సరే, తినుండ్రి ముందు" అని కిందికి పోయింది.

యూసుఫ్ భాయ్‌కి విషయం పూర్తిగా అర్థం కాలేదు. తన తీగల వల్ల పిల్ల బాధపడుతోందని మాత్రం అర్థమైంది. ఆయన చట్రాన్ని ఎత్తుకుని అటూ ఇటూ తిరిగాడు.

"నిలువు తీగలు అచ్చిరానట్టున్నది. వాలుగ పెడత, ఆగు."

"వద్దు చాచా. తీసెయ్."

"ఒక్కసారి చూడు బేటా. పెట్టకుంటె కబూతర్లు వస్తయి మళ్ల."

ఆయన చట్రాన్ని వాలుగా ఆనించి పట్టుకున్నాడు. నేను పని మధ్యలో ఆపే అలవాటు లేక, చక్రం చూస్తూ తిప్పుతూనే ఉన్నాను. లాప్‌టాప్ మెట్లగదిలో తెరిచే ఉంది. స్రవంతి దాన్ని మూసేద్దామని లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

"చాచా, ఎంత వంచినవు?"

"కొంచెమే."

"ఇంకొంచెం వంచు. పెద్దబాపు తిప్పుతడు."

వంచాడు. నేను తిప్పాను. లోపలి నుంచి స్రవంతి, "ఇప్పుడు సగం వాలు. అవునా?" అంది. నేను కోణమానిని పెట్టి చూశాను. సగం వాలే, నలభై ఐదు డిగ్రీలు. ప్రొఫెసర్ గారు ఆకాశాన్ని చూపించమని అడగలేదు. కొమ్ముకు ఊపు దిక్కు గుర్తుపట్టే శక్తి ఉందా అని అడిగారు. ఉంది. తీగల వాలు ఎటు తిరిగితే, గీత కూడా అటే తిరుగుతోంది.

తర్వాత అంతా ఆట అయిపోయింది. స్రవంతి మెట్లగదిలో మాకు వీపు పెట్టి కూర్చుంది. యూసుఫ్ భాయ్ చట్రాన్ని తన ఇష్టం వచ్చినట్టు పట్టుకుంటాడు. నేను కొమ్మును ఒక చుట్టు తిప్పుతాను. ఆమె చూడకుండానే చట్రం ఎటు వంగిందో చెబుతుంది. నేను కోణమానినితో సరిచూస్తాను. కొంతసేపటికి యూసుఫ్ భాయ్‌కి పట్టుదల వచ్చింది. చట్రాన్ని అడ్డంగా పడుకోబెట్టి, "ఇప్పుడు నిలువుగ పెట్టిన బేటా" అని అరిచాడు.

"అబద్ధం చాచా. పడుకోవెట్టినవు."

ఆయన చట్రం దించి నా వైపు చూశాడు. "సాబ్, మీ పిల్లకు ఎన్కకు గూడ కండ్లున్నయి. నేను ఇరవై ఏండ్లు అద్దంల చూస్కుంట బస్సు నడిపిన, నాకు గింత ఎరుక రాలే."

స్రవంతి రిపోర్టు రాస్తూ ఒక చోట ఆగింది. తీగల చట్రం ఎక్కడిదో రాయాలా వద్దా అని. ప్రయోగశాల పరికరం అని రాస్తే గౌరవంగా ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాయమని నేను అనబోయేలోగా తనే రాసేసింది. నిన్న పంపిన గీతలు పాలపుంతవి కావని, పావురాలు రాకుండా పొరుగాయన కట్టిన తీగలవని, ఆ తీగలతోనే ఈ పరీక్ష చేశామని. చదివితే నాకు కొంచెం సిగ్గేసింది. కానీ కొలతలన్నీ నావి కనుక ధైర్యంగా ఉన్నాను.

పట్టీ

సోమవారం మధ్యాహ్నం మేం సామాను కడుతుంటే ప్రొఫెసర్ గారి జవాబు వచ్చింది. పరీక్ష ఒప్పుకున్నారు. స్రవంతి కాలేజీకి పట్టీ ఇచ్చారు. ఆ చట్రం కొలతలు కూడా పంపమన్నారు, మిగతా కాలేజీలకూ అలాంటిది ఒకటి కావాలట. నేను వెంటనే కాగితం తీసి ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి గీశాను.

వార్త గల్లీలో పాకింది. పట్టీ అన్న మాట నేల పట్టాలా వినిపించి అందరూ పనులు వదిలేసి వచ్చారు. హైదరాబాద్ చుట్టుపక్కల జాగా దొరికిందంటే ఊరికే కూర్చోలేరు కదా.

"ఎన్ని గజాలు?" అని ఒకాయన.

"ఈస్ట్ ఫేసింగా?" అని ఒకామె.

మా అక్క స్రవంతిని పక్కకు పిలిచి, "పిల్ల పేరు మీదనే రిజిస్ట్రేషన్ చేస్తున్నరా, కాలేజి పేరు మీదనా? కాలేజి పేరు మీదైతె ఇప్పుడే అడుగు. తర్వాత లొల్లి అయితది" అంది.

స్రవంతి ఓపికగా చెప్పింది. పట్టీ ఆకాశంలో ఉందని, తూర్పు నుంచి పడమర దాకా సాగుతుందని, ఎవరి పేరు మీదా ఉండదని, కొలవడం మాత్రమే తన పనని. జనగామకు కొమ్మును తీసుకుపోయి, ఒక చోట నిలబెట్టి, వారాల తరబడి వింటే ఊపు దిక్కు మెల్లగా బయటికి వస్తుందని. గజాలు లేవని తెలిసి సగంమంది వెళ్లిపోయారు.

యూసుఫ్ భాయ్ మాత్రం పిట్టగోడ దగ్గరే నిలబడ్డాడు. చట్రం ఆయన చంకలోనే ఉంది. దాన్ని మాతో పంపుతానని పొద్దున్నే మాటిచ్చాడు.

"నీ పట్టీ ఎక్కడి నుంచి పోతది బేటా?"

స్రవంతి తల పైకెత్తి చేత్తో గీసి చూపించింది. తూర్పున యాకుత్‌పురా వైపు నుంచి లేచి, సరిగ్గా ఈ రెండు మిద్దెల నెత్తి మీదుగా.

"గీడికెల్లేనా?"

"గీడికెల్లే చాచా. రోజూ."

ఆయన పైకి చూశాడు. ఆయన పావురాలు అప్పుడే లేచి, గౌలిపుర మీద పెద్ద చుట్టు తిరుగుతున్నాయి.

"మా కబూతర్లు అండ్ల ఎగిరితె నీకేం ఇబ్బంది లేదు కద?"

"లేదు చాచా."

"మరి ఆ పైనున్నోళ్లకు?" అని ఆకాశం వైపు చెయ్యి చూపించాడు.

స్రవంతి నవ్వలేదు. "వాళ్లకూ ఏం లేదు" అంది.

అప్పుడు గాని ఆయన చట్రాన్ని మా చేతికివ్వలేదు.